పటిక, ఎరుపు, నీరు: పోచంపల్లి అద్దకపు గదిలో రసాయన శాస్త్రం ఎంత?

వాటర్ పోలో ఆడిన మనిషి తర్వాతి కాలంలో కెమిస్ట్ అయ్యాడని ఎవరైనా రాస్తే, అది నిజమో కాదో సరిచూడటం కష్టమేమీ కాదు. ఆటకు జట్టు జాబితాలుంటాయి, స్కోరు పట్టికలుంటాయి. చదువుకు రిజిస్టర్లు, పట్టాలు, అచ్చయిన పరిశోధన పత్రాలుంటాయి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో భారత వాటర్ పోలో జట్టు చిలీని 7-4తో ఓడించిందనీ, వాటిలో 4 గోల్స్ సచిన్ నాగ్ వేసినవేననీ ఇవాళ్టికీ ధైర్యంగా చెప్పగలం. ఇటలీలో కార్లో పెదెర్సోలి రోమ్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చదవడానికి చేరాడు. కుటుంబం దక్షిణ అమెరికాకు తరలడంతో ఆ చదువు మధ్యలోనే ఆగింది. 1950లో 100 మీటర్ల ఈతను నిమిషం లోపు ముగించిన తొలి ఇటాలియన్ అయ్యాడు. 1954లో లాజియో జట్టుతో వాటర్ పోలో జాతీయ టైటిల్ గెలిచాడు. చివరికి బడ్ స్పెన్సర్ పేరుతో సినిమా నటుడయ్యాడు. కెమిస్ట్ మాత్రం కాలేదు. ఎటు నుంచి ఎటు వెళ్లాడో, ఎక్కడ ఆగాడో కాగితం చెబుతోంది. షికాగోలో చదువుకునే రోజుల్లో విశ్వవిద్యాలయ జట్లలో బాస్కెట్‌బాల్, బేస్‌బాల్ ఆడిన షెర్వుడ్ రోలండ్ ఓజోన్ పొరపై పనికి 1995లో రసాయన శాస్త్ర నోబెల్‌ను మరో ఇద్దరితో పంచుకున్నాడు. ఆయన విషయంలోనూ కాగితానికి లోటు లేదు.

ఒళ్లు అలిసే పని నుంచి రసాయన శాస్త్రం వైపు నడిచిన మనుషులు మన దగ్గరా ఉన్నారు. కాకపోతే వాళ్లకు జట్టు జాబితా లేదు, పట్టా లేదు. పోచంపల్లిలో, దాని చుట్టుపక్కల పుట్టపాక, కొయ్యలగూడెం వంటి ఊళ్లలో నూలుకూ పట్టుకూ రంగులద్దే పద్మశాలి కుటుంబాల గురించి ఈ మాట అంటున్నాను. ఆ మనిషిని కెమిస్ట్ అనవచ్చా? అంటే ఏ ఆధారంతో? గౌరవం కోసం అనేద్దాం అనుకుంటే వ్యాసం అక్కర్లేదు, సన్మాన పత్రం చాలు. పట్టా లేదు కాబట్టి కాదనేస్తే అప్పుడూ వ్యాసం అక్కర్లేదు. అందుకని మూడు పరీక్షలు పెట్టుకుందాం. ఫలితం కంటికి కనబడకముందే దాన్ని అంచనా వేయగలగడం ఒకటి. తేడా వచ్చినప్పుడు కారణం పట్టుకుని సరిదిద్దగలగడం రెండోది. పదార్థం మారినప్పుడు పాత పద్ధతిని వదిలి కొత్తది పట్టగలగడం మూడోది.

ఒంటి కష్టానికి మిగిలిన ఆధారం

ముందు శరీరం సంగతి. పోచంపల్లి ఇక్కత్‌లో నూలును నేయకముందే ముడులు కట్టి, రంగుల్లో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ ముంచుతారు. ఊళ్లో దీన్ని చిటికి అంటారు. ఒకప్పుడు దారంతో కట్టిన చోట ఇప్పుడు పాత సైకిల్ ట్యూబుల్ని సన్నగా కోసిన రబ్బరు పట్టీలు కనిపిస్తాయి. పేక నూలుకు ముడులు కట్టాలంటే ముందు దాన్ని ఆసు మీద పోయాలి. అర్ధచంద్రాకారంలో బిగించిన మేకుల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పడమే ఆసు పోయడం. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు తిరగాలని లెక్క. దానికి నాలుగైదు గంటలు పడుతుంది. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. ఇంట్లో ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే.

ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారు చేశారని చాలామందికి తెలుసు. ఏళ్ల తరబడి ప్రయత్నించి 1999లో పూర్తి చేశారు, దానికి తల్లి పేరే పెట్టారు. తర్వాత పేటెంటు వచ్చింది, 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన జీవితం సినిమాగా వచ్చింది. బడి చదువు సగంలో ఆగిపోయిన నేతగాడు ఇంజనీరు పని చేశాడనడానికి ఇంతకంటే బలమైన రుజువు అవసరం లేదు.

యంత్రం కంటికి కనిపిస్తుంది. దాన్ని విప్పి చూడవచ్చు, బొమ్మ గీసి పేటెంటు కార్యాలయానికి పంపవచ్చు. రంగు గిన్నెలో జరిగేది అలా కనిపించదు. ఆసులో మార్పు తెచ్చినవాడి పేరు నిలిచింది. ఎరుపు వెలిసిపోకుండా నిలిపినవాడి పేరు గుడ్డతోపాటే ఏడెన్‌కో రంగూన్‌కో వెళ్లిపోయింది. కాబట్టి ఇక్కడ మనిషి జీవితచరిత్ర కోసం వెతికితే చేతికి అందేది తక్కువ. గుడ్డనూ, గిన్నెనూ, నీళ్లనూ సాక్షులుగా పిలవాల్సిందే.

తేలియా చెప్పే సాక్ష్యం

ఈ ప్రాంతపు ఇక్కత్ మూలాలు చీరాలలో ఉన్నాయని పరిశోధకులూ, నేత కుటుంబాల వాళ్లూ ఒకే మాట చెబుతారు. చీరాలలో నేసిన తేలియా రుమాళ్లు అరబ్బు రేవులకూ, తూర్పు ఆఫ్రికాకూ, బర్మాకూ వెళ్లేవి. తలపాగాలుగా, భుజం మీది గుడ్డలుగా వాడుకునేవారు. ఆ విద్య 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో నల్లగొండ వైపు వచ్చిందని చెబుతారు. అహ్మదాబాద్ కాలికో మ్యూజియం 1974లో ప్రచురించిన బి.సి. మొహంతి, కల్యాణ్ కృష్ణల అధ్యయనం ఒరిస్సా, ఆంధ్ర ఇక్కత్‌ల మీద తొలి గట్టి రికార్డుల్లో ఒకటి. చీరాలలో ఈ నేత క్షీణించాక పుట్టపాక దాన్ని నిలబెట్టింది. ఆ ఊరి గజం గోవర్ధన తేలియా పనికి 2011లో పద్మశ్రీ అందుకున్నారు. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పోచంపల్లి ఇక్కత్‌కైతే అంతకు పదిహేనేళ్ల ముందే, దేశంలో ఆ గుర్తింపు పొందిన తొలి కొద్ది ఉత్పత్తుల్లో ఒకటిగా వచ్చింది.

తేలియా తయారీని దశలవారీగా చూస్తే మొదటి ఆధారం దొరుకుతుంది. ఆముదపు కాయల తొక్కల్ని కాల్చి బూడిద చేస్తారు. ఆ బూడిదను నీళ్లలో కలిపి తేర్చితే క్షారపు నీళ్లు వస్తాయి. అందులో నువ్వుల నూనె గానీ ఆముదం గానీ, దాంతోపాటు గొర్రెల పెంట కలిపి నూలును నానబెట్టి పిసుకుతారు, ఎండలో ఆరబెడతారు. మర్నాడు మళ్లీ అదే. ఇలా రెండు మూడు వారాలు. నూలు నూనె వాసన పట్టి, మెత్తబడి, ఎంత ఉతికినా ఆ గుణం పోని స్థితికి వస్తుంది. గుడ్డకు తేలియా అన్న పేరు ఆ నూనె వల్ల వచ్చిందే. అప్పుడు పటిక పట్టించి, అలిజరిన్ అనే రంగులో ఉడికిస్తే ఎరుపు. ఇనుము పట్టించి ఉడికిస్తే అదే అలిజరిన్ ముదురు ఊదా నుంచి నలుపు దాకా పోతుంది. తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో పులియబెట్టి ఆ ఇనుప నీళ్లు తయారు చేస్తారు. గిన్నెలో రంగు ఒకటే, లోహం మారితే ఫలితం మారింది. ఎరుపు, నలుపు, తెలుపు తప్ప తేలియాలో వేరే రంగు పెద్దగా కనిపించకపోవడానికి కారణం ఇదే.

ఈ పద్ధతి తేలియాకు మాత్రమే సొంతం కాదన్నది ఇక్కడ ముఖ్యం. ఐరోపాలో 18వ శతాబ్దం నుంచి టర్కీ ఎరుపు పేరుతో సాగిన అద్దకం దాదాపు ఇదే: నూనె, క్షారం, పెంట, పటిక, అలిజరిన్ ఉండే మంజిష్ఠ జాతి వేరు. ఫ్రాన్స్‌లో రూవాన్ అద్దకపువాళ్లు దీన్ని గ్రీకు, టర్కీ పనివాళ్ల దగ్గర నేర్చుకున్నారు. షాప్తాల్ లాంటి రసాయన శాస్త్రవేత్తలు దాని మీద పుస్తకాలే రాశారు. పత్తి నూలు ఒక రకం సెల్యులోజు, దానికి పటిక నేరుగా సరిగా పట్టదు. క్షారం వల్ల నూనె విడిపోయి కొవ్వు ఆమ్లాలుగా మారుతుంది. ఆ ఆమ్లాలు నూలును అంటిపెట్టుకుని అల్యూమినియానికి కూర్చునే చోటిస్తాయి. అల్యూమినియం అలిజరిన్‌ను పట్టుకుంటుంది. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో జూలీ వెర్ట్జ్ ఇటీవల టర్కీ ఎరుపు గుడ్డల మీద చేసిన పని ఈ నూనె పాత్రను ఆధునిక పరికరాలతో పరిశీలించింది. అంటే రెండు శతాబ్దాల పాటు ఐరోపా కెమిస్టులు వాదించుకున్న ప్రశ్నకు కార్యరూపంలో జవాబు పుట్టపాక గిన్నెలో నడుస్తూనే ఉంది. ఆ జవాబు ఎందుకు పనిచేస్తుందో మాత్రం గిన్నె దగ్గర ఎవరూ రాసిపెట్టలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. తేలియా గురించి రాసేటప్పుడు పూర్తి ప్రకృతి రంగులు, వేల ఏళ్ల సంప్రదాయం అన్న మాటలు తేలిగ్గా దొర్లుతాయి. తేదీలు పక్కపక్కన పెడితే ఆ మాట నిలవదు. బెర్లిన్‌లో గ్రేబె, లీబెర్‌మాన్ అనే కెమిస్టులు 1868లో అలిజరిన్‌ను తారు నుంచి తీసిన ఆంత్రసీన్‌తో తయారు చేశారు. 1869 జూన్ 25న వాళ్లు మరో జర్మన్ కెమిస్ట్ కారోతో కలిసి లండన్‌లో పేటెంటుకు దరఖాస్తు చేస్తే, జూన్ 26న ఇంగ్లండ్ కెమిస్ట్ పెర్కిన్ చేశాడు. కొద్ది ఏళ్లలోనే దక్షిణ ఫ్రాన్స్ మంజిష్ఠ పొలాలు దెబ్బతిన్నాయి. తేలియా విద్య నల్లగొండకు 20వ శతాబ్దంలో వచ్చి ఉంటే, అప్పటికే కృత్రిమ అలిజరిన్ మార్కెట్లోకి వచ్చి దశాబ్దాలైంది. కాబట్టి ఇక్కడి ఎరుపు మొదటి రోజు నుంచీ డబ్బాలో వచ్చిన ఎరుపే అయ్యుండే అవకాశం ఎక్కువ. చీరాల పాత గుడ్డల సంగతి వేరే కావచ్చు. కోరమండల్ తీరంలో చిరువేరుతో అద్దకం చాలా పాతది.

దీన్ని తేల్చే దారి ఉంది. పాత రుమాలు నుంచి ఒక్క పోగు తీసి క్రొమటోగ్రఫీలో పెడితే చాలు. మంజిష్ఠ అయితే పర్‌ప్యూరిన్, మంజిస్టిన్ కనిపిస్తాయి. చిరువేరులో అలిజరిన్ ఉంటుంది, పర్‌ప్యూరిన్ దాదాపు ఉండదు. కర్మాగారపు అలిజరిన్‌లో ఆంత్రపర్‌ప్యూరిన్, ఫ్లేవోపర్‌ప్యూరిన్ అనే తోడు పదార్థాలు ఆనవాళ్లుగా మిగులుతాయి. మ్యూజియాల్లో తేదీ తెలిసిన తేలియా ముక్కలు ఉన్నాయి కాబట్టి ఇది చేయదగిన పనే. కృత్రిమమని తేలితే పుట్టపాక గొప్ప తగ్గుతుందని నేననుకోను. నా దృష్టిలో పెరుగుతుంది. వేరుకు తగ్గట్టు పుట్టిన పద్ధతిని పొడికి తగ్గట్టు మార్చుకున్నారని అర్థం వస్తుంది, అది మన మూడో పరీక్ష.

నీళ్లు రెండు రకాలు

అద్దకంలో నీళ్లను అందరూ మర్చిపోతారు. అలిజరిన్ ఎరుపు పూర్తిగా నిలవాలంటే అల్యూమినియంతోపాటు కాల్షియమూ కావాలి. టర్కీ ఎరుపు అద్దకంలో సున్నపు నీళ్లు గానీ సుద్ద గానీ కలపడం అందుకే. కోరమండల్ తీరంలో గవ్వలూ శంఖాలూ కలిసిన నేల నీళ్లలో ఎరుపు బాగా వస్తుందని పాత అద్దకపువాళ్లు గుర్తించారు. చీరాల ఆ తీరంలోనిదే. నల్లగొండ రాతినేల. గ్రానైట్ కింద నిలిచిన నీరు తీరపు నీరు కాదు.

ఇక్కడి భూగర్భజలంలో ఫ్లోరైడ్ సమస్య తెలిసిందే. హైదరాబాద్ సంస్థానంలో ఫ్లోరోసిస్ గురించి 1945లోనే డావర్ రాశాడు. నల్లగొండ మీద సిద్దిఖీ అధ్యయనం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. గ్రానైట్‌లోని ఫ్లోరైట్, అపటైట్, బయొటైట్ ఖనిజాలు మెల్లగా కరిగి ఫ్లోరైడ్‌ను నీళ్లలోకి వదులుతాయి. దీంట్లో ఒక కీలకం ఉంది. కాల్షియం ఎక్కువున్న నీళ్లలో ఫ్లోరైడ్ పెద్దగా నిలవదు, రెండూ కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగుకు పోతాయి. కనుక ఫ్లోరైడ్ ఎక్కువున్న బావిలో చాలాసార్లు కాల్షియం తక్కువ, సోడియం బైకార్బొనేట్ ఎక్కువ. ఎరుపుకు కావలసిన కాల్షియం లేని నీరే ఎముకలకు కీడు చేసే నీరన్నమాట. పుట్టపాక ఉన్న సంస్థాన్ నారాయణపురం మండలం, మర్రిగూడ, మునుగోడు, చండూరు ఈ బెడదకు పేరుపడ్డ నేల మీదే ఉన్నాయి.

ఫ్లోరైడ్ నీళ్లలో అలిజరిన్ ఎరుపు చెడుతుందా? ప్రశ్న సహజమైనదే, ఎందుకంటే ఫ్లోరైడ్‌కు అల్యూమినియం అంటే గట్టి ఆకర్షణ. లెక్క వేసి చూస్తే భయం తగ్గుతుంది. లీటరుకు 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ అంటే పావు మిల్లీమోల్ మాత్రమే. లీటరు నీళ్లలో 10 గ్రాముల పటిక వేస్తే 21 మిల్లీమోళ్ల అల్యూమినియం వస్తుంది. ఎనభై రెట్లు. పటిక గిన్నెలో ఫ్లోరైడ్ చేసే చెరుపు లెక్కలోకి రాదు. తేడా వస్తే కాల్షియం లోపం వల్ల రావచ్చు, లేదా బైకార్బొనేట్ క్షారత వల్ల. చేత్తో చిటికెడు సున్నం వేసే అలవాటున్న అద్దకపువాడు ఏం చేస్తున్నాడో ఈ లెక్క వివరిస్తుంది. అయితే ఇది రసాయన శాస్త్రం నుంచి లాగిన అనుమానం, కొలిచిన ఫలితం కాదని పాఠకులు గుర్తుంచుకోవాలి.

పటిక ఈ జిల్లాలో మరో పని కూడా చేసింది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, నీరి, తాగునీటి నుంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని 1975లో ప్రచురించింది. రాసినవాళ్లు నవ్‌లఖే, కులకర్ణి, పాఠక్, బులుసు. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి, మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా తిప్పి, గంటసేపు తేరనిచ్చి, పైనీళ్లు వడకట్టుకోవాలి. పటిక నుంచి ఏర్పడే అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెట్టు ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు లాగుతుంది. ఇంట్లో 40 లీటర్ల బకెట్‌తో కూడా చేసుకునేలా దాన్ని మలిచారు. ఈ పద్ధతి ప్రపంచమంతా నల్లగొండ పేరుతోనే తెలుసు, టాంజానియాలో కూడా దాన్ని వాడి చూశారు. లోపాలూ ఉన్నాయి. పటిక లీటరుకు వందల మిల్లీగ్రాములు పడుతుంది, నీళ్లలో సల్ఫేట్ పెరుగుతుంది, మడ్డి మిగులుతుంది, మోతాదు తప్పితే అల్యూమినియం నీళ్లలో ఉండిపోతుంది. భారత ప్రమాణం ప్రకారం తాగునీటిలో అల్యూమినియం లీటరుకు 0.03 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 0.2 దాకా మాత్రమే ఉండాలి. చివరికి నల్లగొండకు ఊరట ఇచ్చింది బకెట్ కాదు, దూరం నుంచి వచ్చిన నది నీరు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ దాన్ని ఊరూరికీ విస్తరించింది.

అద్దకపు గదికీ నీటి ప్రయోగశాలకూ చుట్టరికం అక్కడితో ఆగదు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో కొలిచే పాత పద్ధతుల్లో అలిజరిన్ ఎరుపు ఎస్ అనే రంగును జిర్కోనియంతో కలిపి వాడేవారు. ఆ కలయిక ఎర్రగా ఉంటుంది. ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు పోస్తే జిర్కోనియాన్ని ఫ్లోరైడ్ లాక్కుపోతుంది, ఎరుపు వెలిసి పసుపు వైపు జారుతుంది. ఎంత వెలిసిందో చూసి ఎంత ఫ్లోరైడో చెబుతారు. తేలియా రుమాలు ఎరుపుకు దగ్గరి బంధువైన అణువే ఫ్లోరైడ్ బావి నీళ్ల మంచిచెడ్డలు తేల్చేది. లోహాన్ని రంగు పట్టుకోవడం అద్దకం. ఆ పట్టును ఫ్లోరైడ్ విడదీయడం నీటి పరీక్ష. రెండు చోట్లా సూత్రం ఒకటే. ఒక చోట పని చేసినవాళ్ల పేర్లు పత్రికలో ఉన్నాయి, రెండో చోట లేవు.

ఒక జీవితకాలంలో నాలుగు శాస్త్రాలు

1930ల్లో పుట్టి 1990ల దాకా పని చేసిన అద్దకపు మనిషి ఒకరిని ఊహించుకుందాం. పేరు పెట్టను, కల్పించి పెడితే అది ఆధారం కాదు. ఆ మనిషి చేతుల మీదుగా నడిచిన రంగుల చరిత్ర మాత్రం కల్పన కాదు.

చిన్నప్పుడు అలిజరిన్. తర్వాత నాఫ్తాల్. 1912 నుంచి జర్మనీలో తయారైన ఈ రంగుల లక్షణం విచిత్రం. నూలును మొదట నాఫ్తాల్ ద్రావణంలో ముంచితే రంగు దాదాపు కనిపించదు. ఆ తర్వాత రెండో గిన్నెలో, డయాజో ఉప్పులో ముంచిన క్షణాన ఎరుపో మెరూనో నారింజో నూలు లోపలే పుడుతుంది. ఏ నాఫ్తాల్‌కు ఏ ఉప్పు జోడిస్తే ఏ రంగో ముందే తెలిసి ఉండాలి. మొదటి గిన్నెలో నూలు ఎంత పీల్చిందో చేతి బరువుతో పసిగట్టాలి. రెండో గిన్నె వేడెక్కితే ఉప్పు చెడిపోతుంది కాబట్టి చల్లగా ఉంచాలి. ఫలితం కనబడకముందే అంచనా వేయడం అనే మొదటి పరీక్షకు ఇంతకంటే తేటైన ఉదాహరణ దొరకదు. చిటికిలో ఇది మరీ కష్టం. ముడుల కింద తెలుపు ఉండిపోవాలి, మరో విడతలో మరో రంగు పడాలి, ఒక రంగు రెండోదాన్ని చెడగొట్టకూడదు.

వాట్ రంగులది ఇంకో దారి. కాస్టిక్ సోడా, ఊళ్లో హైడ్రోస్ అని పిలిచే సోడియం హైడ్రోసల్ఫైట్ కలిపితే కరగని రంగు కరుగుతుంది, గిన్నెలో దాని రంగే మారిపోతుంది. నీలిమందు పసుపుపచ్చగా కనిపిస్తుంది. నూలు పైకి తీసి గాలి తగలనిస్తే మళ్లీ నీలం. హైడ్రోస్ తక్కువైతే గిన్నె నీలంగా తిరిగిపోతుంది, రంగు పైపైనే అంటి ఉతుకులో పోతుంది. గిన్నె రంగు చూసి ఎంత కలపాలో చెప్పగలగడమే రెండో పరీక్ష. దీన్ని ఆక్సీకరణ, క్షయకరణ అని పాఠ్యపుస్తకం పిలుస్తుంది. పోచంపల్లిలో గిన్నె తిరిగింది అంటే సరిపోతుంది.

1970 ప్రాంతంలో పోచంపల్లి పట్టులోకి వచ్చింది. బెంగళూరుకు మనుషుల్ని పంపి పట్టు నేత నేర్పించారని ఊళ్లో చెప్పుకుంటారు. రంగుల పరంగా ఇది పెద్ద మలుపు, ఎందుకంటే పట్టు ప్రొటీన్. పత్తి తట్టుకునే కాస్టిక్ సోడాలో పట్టు వేడి మీద కరిగిపోతుంది. అప్పటి దాకా క్షారంతో బతికిన చేతులు ఆమ్లానికి మారాయి. పట్టు జిగురు తీయడానికి సబ్బు, సోడా మెత్తగా వాడాలి. ఆ తర్వాత ఆమ్ల రంగుల్ని ఎసిటిక్ ఆమ్లంతో మెల్లగా వేడి పెంచుతూ ఎక్కించాలి. మూడో పరీక్షలో పోచంపల్లి నెగ్గిందనడానికి ఇవాళ ఆ ఊరి మార్కెట్లో నిండుగా కనిపించే పట్టు ఇక్కత్ చీరలే సాక్ష్యం. వాటర్ పోలో ఆడి తర్వాత ప్రయోగశాలలో చేరిన మనిషికైనా ఇన్ని దారులు మార్చాల్సిన అవసరం వచ్చి ఉండదు.

ఈ కథను ఒక్క చేతి ఘనతగా చెప్పడం మాత్రం తప్పు. రంగుల కంపెనీల షేడ్ కార్డులు, 1950ల నుంచి దేశంలో మొదలైన చేనేత సేవా కేంద్రాల శిక్షణ, సహకార సంఘాల కొనుగోళ్లు లేకుండా ఈ మార్పులు జరిగేవి కావు. జ్ఞానం బయటి నుంచి కూడా వచ్చింది. దాన్ని చిటికికి తగ్గట్టు మలుచుకోవడం ఊరి పని.

కెమిస్ట్ అనే మాటకు అడ్డుపడే ఆధారాలూ ఉన్నాయి. మొదటిది కొలత. చేతి బరువు, నాలుక మీద పులుపు, కంటికి కనిపించే గిన్నె రంగు, ఇవన్నీ అనుభవం ఉన్నంత కాలం పనిచేస్తాయి. మనిషి పోతే పోతాయి. మొన్నటి చీర రంగు ఇవాళ సరిగ్గా రావాలంటే తూకం, ఉష్ణోగ్రత, నీళ్ల గుణం రాసి ఉండాలి. రెండోది భద్రత. బెంజిడిన్ ఆధారిత రంగులు మూత్రాశయ క్యాన్సర్‌కు కారణమవుతాయన్న సంగతి ఐరోపా కర్మాగారాల్లో చాలా ముందే తేలింది. జర్మనీ 1994లో కొన్ని అజో రంగుల్ని నిషేధించింది. భారత ప్రభుత్వం 1993లో 42 బెంజిడిన్ రంగుల్ని, 1997లో మరో 70 అజో రంగుల్ని నిషేధించింది. పొడిని ఉత్త చేతులతో కలిపి, మోచేతుల దాకా రంగులో ముంచిన మనుషులకు ఆ ప్రమాదాన్ని చెప్పింది వాళ్ల అనుభవం కాదు, బయటి శాస్త్రం. పది, ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే జబ్బును గిన్నె చూసి పసిగట్టడం ఎవరి తరమూ కాదు. దానికి ప్రయోగశాల, ఆసుపత్రి రికార్డు, గణాంకం కావాలి. మూడోది మురుగు. రంగునీళ్లు ఎక్కడికి పోతాయన్న ప్రశ్నకు ఇంటింటి అద్దకంలో సరైన ఏర్పాటు అరుదు. హైదరాబాద్ మురుగును మోసుకొచ్చే మూసీ పోచంపల్లి మండలం మీదుగానే పోతుంది కాబట్టి, ఊరి రంగునీళ్ల పాపం నది పాపంలో కలిసి లెక్కకు రాకుండా పోతోంది.

ఇంతకీ నా తీర్పు ఇది. పోచంపల్లి, పుట్టపాక అద్దకపు మనిషి అంచనా వేయడంలో, సరిదిద్దడంలో, పద్ధతి మార్చుకోవడంలో కెమిస్ట్. కొలిచి రాయడంలో, కీడును ముందే కనిపెట్టడంలో కాదు. ఈ రెండో లోటు ఆ మనిషిది ఒక్కటే కాదు, ఆ పనిని చదువుగా గుర్తించని మన సంస్థలది కూడా. 1925లో బోస్టన్‌లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టిన భీమవరం మనిషి యల్లాప్రగడ సుబ్బారావు పేరు ఇవాళ్టికీ ప్రయోగశాలల్లో వినబడుతోందంటే, ఆ పద్ధతి ఫిస్కే పేరుతో కలిపి ఆయన పేరుమీద అచ్చయింది కాబట్టే.

పేరు నిలవడానికి దారి అచ్చే అయితే, ఆ పని మొదలుపెట్టడం కష్టం కాదు. చేనేత సేవా కేంద్రాలు, కళాశాలల రసాయన శాస్త్ర శాఖలు కలిసి వృద్ధ అద్దకపువాళ్ల దగ్గర కూర్చోవచ్చు. ప్రతి రంగుకూ తూకం, వేడి, నీళ్ల పరీక్ష, చేసినవారి పేరు, తేదీ రాయవచ్చు. భౌగోళిక గుర్తింపు పత్రాల్లో ఊరి పేరు పక్కన అద్దకపువాళ్ల పేర్లు చేర్చవచ్చు. మ్యూజియంలోని ఒక్కో తేలియా నుంచి ఒక్కో పోగు పరీక్షకు ఇస్తే ఎరుపు ఎక్కడిదో తేలిపోతుంది. ఇప్పటికీ గిన్నె దగ్గర ఉన్న ఆడామగా అద్దకపువాళ్ల సగటు వయసు పెరుగుతోంది, పిల్లలు హైదరాబాద్ వైపు చూస్తున్నారు. మీ ఇంట్లోనో మీ ఊళ్లోనో అలాంటివారు ఉంటే ముందు వాళ్ల రంగుల లెక్కలు రాసుకోండి.